మీరు లేని రోజు: నెల్లూరు, ప్రకాశం చరిత్రతో మేనేజర్లు చేయదగిన సాధన

నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో మేనేజరుగా ఉన్న రోజుల్లో ఒకసారి జ్వరంతో మంచం పట్టాను. రెండవ రోజు రాత్రి రెండు గంటలకు ఒక చెరువు నుంచి పట్టుబడి, అంటే పట్టిన రొయ్యల సరుకు, వచ్చింది. 40 కౌంట్ అని మాట్లాడుకున్న సరుకు అది. అంటే కిలోకు నలభై రొయ్యలు తూగాలి. తూచి చూస్తే యాభైకి దగ్గరగా ఉన్నాయి. ధర తగ్గించి దింపుకోవాలా, వెనక్కి పంపాలా, ముందు రైతుతో మాట్లాడాలా? షిఫ్టు సూపర్‌వైజరు అనుభవం ఉన్న మనిషి. సరుకు చూడగానే ఏం చేయాలో అతనికి తెలుసు. అయినా ఏమీ చేయలేదు. నాకు ఫోను మీద ఫోను చేసి, నేను ఎత్తకపోయేసరికి తెల్లవారేదాకా వ్యానును గేటు బయటే నిలబెట్టాడు. ఐసు కరిగింది, సరుకు మెత్తబడింది. రైతు నష్టపోయాడు, మేమూ నష్టపోయాం.

కోలుకుని వెళ్లాక ఎందుకలా చేశావని అడిగాను. "మీరు లేకుండా ఇక్కడ ఎప్పుడూ ఏదీ తేల్చలేదు కదా సార్" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అతన్ని అలా తయారు చేసింది నేనే.

అంతకు ముందు కూడా నాకు చరిత్ర చదివే అలవాటు ఉంది. మహానుభావుల ధైర్యం, త్యాగం, పట్టుదల చదివి ఒళ్లు పులకరించేది. కాని మర్నాడు ఉదయం ప్లాంటులో అడుగుపెట్టాక ఆ పులకరింతతో ఏం చేయాలో తెలిసేది కాదు. ఆ రాత్రి తరువాత నా చదువు తీరు మారింది. ఏ ఘట్టం చదివినా ఒక్కటే ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాను: ఆ నాయకుడు పక్కకు తొలగిన రోజున ఆ పని ఏమైంది? జవాబుల కోసం దూరం పోవలసిన అవసరం రాలేదు. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో, మనం రోజూ బస్సులో దాటిపోయే ఊళ్లలోనే అవి ఉన్నాయి. ఆ జవాబులను పనిలోకి తెచ్చుకున్న క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. దీనికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఒక నోటు పుస్తకం, మీ కింద పనిచేసే నలుగురైదుగురు బాధ్యులు, వారానికి ఒక గంట ఉంటే చాలు.

మొదటి అడుగు: ఏడు రోజుల ఫోను పుస్తకం

చరిత్ర జోలికి పోకముందు మీ స్థితి మీకు తెలియాలి. వరుసగా ఏడు రోజులు, మిమ్మల్ని ఎవరు ఏం అడిగినా నోటు పుస్తకంలో ఒక వరుస రాయండి: సమయం, అడిగిన మనిషి, అడిగిన విషయం, మీరు చెప్పిన జవాబు. ఫోనులో అడిగినవి, ఎదురుగా వచ్చి అడిగినవి, సంతకం కోసం వచ్చిన కాగితాలు, అన్నీ రాయాలి. "ఐసు ఇంకో పది బ్లాకులు తెప్పించమంటారా" వంటి చిన్న ప్రశ్ననూ వదలవద్దు. అసలు రోగం బయటపడేది అక్కడే.

ఎనిమిదవ రోజున కూర్చుని ఆ వరుసలను మూడు రకాలుగా గుర్తుపెట్టండి. జవాబు తెలిసి కూడా అనుమతి కోసం అడిగినవి మొదటి రకం. తగిన సమాచారం లేక అడిగినవి రెండవ రకం. నిజంగా మీ స్థాయిలోనే తేలవలసినవి మూడవ రకం. నా పుస్తకంలో సగానికి పైగా మొదటి రకమే ఉన్నాయి. చూసి సిగ్గుపడ్డాను. మీ పుస్తకమూ అలాగే ఉంటే కంగారుపడకండి, దాచిపెట్టకండి. తరువాతి అడుగులన్నీ ఈ పుస్తకం మీదే నడుస్తాయి.

రెండవ అడుగు: చీరాల-పేరాల ఘట్టాన్ని మీ బృందంతో కలిసి చదవండి

మొదటి సమావేశానికి నేను ఎప్పుడూ దీన్నే తీసుకుంటాను. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా 1970 నుంచి 2022 వరకు ప్రకాశం జిల్లాలోదే. ఆ కథ ఒంగోలు వైపు వాళ్లకు ఇప్పటికీ సొంత కథే.

జరిగింది ఇది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏటా నాలుగు వేల రూపాయలకు అటూ ఇటూగా ఉన్న పన్ను ఒక్కసారిగా నలభై వేలకు చేరింది. అక్కడి వాళ్లలో ఎక్కువ మంది నేతగాళ్లు, రైతులు, చిన్న వర్తకులు. మునిసిపాలిటీ వద్దన్నారు, పన్ను కట్టబోమన్నారు, కొందరు జైలుకు వెళ్లారు. వాళ్లకు నాయకత్వం వహించినది దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చినవాడు, గొప్ప వక్త, పాటగాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి రెండు దారులు చూపారు. ఒకటి, అహింసగా ఉంటూ పన్ను కట్టకుండా పోరాడటం. రెండవది, మునిసిపాలిటీ హద్దు దాటి ఊరికి ఊరే వెళ్లిపోవడం. జనం రెండవది ఎంచుకున్నారు. వేలాది మంది ఇళ్లకు తాళాలు వేసి హద్దుకు అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగరం అని పేరు పెట్టారు. పదకొండు నెలలు అక్కడ ఉన్నారు.

ఇక్కడ ఆగి మీ బృందాన్ని ఒక ప్రశ్న అడగండి. ఇల్లు, మగ్గం, బావి అన్నీ వదిలి ఎండలో పాకలోకి వెళ్లమంటే వేలమంది ఎందుకు వెళ్లారు? మా సమావేశాల్లో వచ్చిన జవాబుల్లో మూడు నాకు బాగా నచ్చాయి. కోరిక ఒక్కటే, చిన్న పిల్లవాడికి కూడా అర్థమయ్యేది: మునిసిపాలిటీ వద్దు. కష్టం అందరికీ సమానం. నాయకుడు మేడలో, జనం పాకలో అన్న పరిస్థితి లేదు. ఇక మూడవది, పనులు చూసుకోవడానికి రామదండు అనే సేవాదళం ముందే తయారై ఉంది. దుగ్గిరాల ఆ దళానికి క్రమశిక్షణ నేర్పారు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల్లో ఆ దళమే సేవలు చేసింది.

ఇప్పుడు కష్టమైన భాగం. ఆ ఏడాదే దుగ్గిరాల బరంపురంలో అరెస్టయ్యారు. ఏడాది శిక్ష పడింది. రామదండు ఉంది, జనం ఉన్నారు, కోరిక అలాగే ఉంది. కాని అధికారులతో బేరం ఆడగలిగినవారు, డబ్బు సమకూర్చగలిగినవారు, అలసిపోయిన జనాన్ని ఓదార్చి మరో నెల నిలబెట్టగలిగినవారు ఆయన స్థానంలో లేకపోయారు. వానలు, చలి, ఆదాయం లేకపోవడం ఒకదాని మీద ఒకటి వచ్చాయి. చివరికి జనం తిరిగి ఇళ్లకు వెళ్లిపోయారు.

దీన్ని ఓటమి కథగా చెప్పడం నాకు ఇష్టం ఉండదు. పదకొండు నెలలు నిలిచిన ఊరిని ఓడిందని ఎలా అంటాం? అయితే మేనేజరు కళ్లతో చూస్తే ఒక విషయం తప్పించుకోలేం. దుగ్గిరాల చేతులను వందల్లో తయారు చేశారు. తన బదులు ఆలోచించి తేల్చే మనుషులను తయారు చేసేంత గడువు ఆయనకు దొరకలేదు. మనకు ఆ గడువు ఉంది. మనల్ని ఎవరూ అరెస్టు చేయడం లేదు.

సమావేశం చివర ఈ పని ఇవ్వండి. ఫోను పుస్తకంలోని ప్రతి మూడవ రకం ప్రశ్న పక్కన, మీరు మూడు రోజులు అందుబాటులో లేకపోతే దాన్ని ఎవరు తేలుస్తారో పేరు రాయమనండి. పేరు దొరకని వరుసలే మీ రామనగరం. వాటికి ఒక్కొక్కదానికి ఇద్దరిని ఎంచుకుని, నెల రోజులు ఆ నిర్ణయాలు మీ పక్కన కూర్చుని వాళ్లే తీసుకునేలా చూడండి. ఇద్దరిని ఎందుకంటే, ఒక్కరిని ఎంచుకుంటే రేపు ఆయనకూ జ్వరం రావచ్చు.

మూడవ అడుగు: ఉదయగిరి దారిని మీ కార్యాలయంలో వెతకండి

ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లినవాళ్లకు ఆ కొండ తెలుసు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని ముట్టడించాడు. కోట లొంగింది 1514లో. సుమారు ఏడాదిన్నర పట్టింది. విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఈ ముట్టడిని వర్ణిస్తూ, కోటకు వెళ్లే దారి ఒకసారికి ఒక మనిషి మాత్రమే పట్టేంత ఇరుకుగా ఉండేదని, రాయలు బండలు పగలగొట్టించి ఆ దారిని వెడల్పు చేయించాడని, ఇంకా అనేక దారులు వేయించాడని చెప్పాడు.

మేనేజ్‌మెంట్ ఉపన్యాసాల్లో ఈ ఘట్టాన్ని పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. నాకు పట్టుదల కన్నా ఆ దారి ముఖ్యంగా తోస్తుంది. సైన్యం ఎంత పెద్దదైనా ఒక్కొక్కరే నడవగలిగిన దారిలో దాని బలం ఒక్క మనిషి బలమే. రాయలు చేసిన మొదటి పని సైన్యాన్ని పెంచడం కాదు, దారిని పెంచడం.

మీ కార్యాలయంలో ఒక్క మనిషి మాత్రమే పట్టే దారి ఎక్కడుంది? నా ప్లాంటులో ఆ దారి నేనే. కొనుగోలు కాగితం, ధర సవరణ, జీతం అడ్వాన్సు, లారీ బాడుగ, అన్నీ నా బల్ల మీదుగా ఒక్కొక్కటే నడిచేవి. మనుషులను పెంచి లాభం లేకపోయింది, అందరూ వచ్చి నా బల్ల ముందే వరుస కట్టారు.

దారి వెడల్పు చేయడానికి మేము ఒక చీటీ పద్ధతి పెట్టుకున్నాం. ఒక్కో పనికి ఒక చీటీ. అందులో ఎవరు, ఎంతవరకు, ఎప్పుడు తేల్చవచ్చో నాలుగు వాక్యాల్లో రాస్తాం. పట్టుబడి దింపుకునే చీటీ ఇలా ఉండేది: "చెప్పిన కౌంట్‌కు, వచ్చిన కౌంట్‌కు తేడా ఐదు లోపు ఉంటే షిఫ్టు సూపర్‌వైజరే ధర పట్టీ ప్రకారం సవరించి దింపుకోవచ్చు. ఐదు దాటితే, రైతు సవరించిన ధరకు ఒప్పుకుని సంతకం చేస్తే దింపుకోవచ్చు. ఒప్పుకోకపోతే రెండవ బాధ్యుడికి ఫోను చేయాలి. ఐసు వేయడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు." ఈ నాలుగు వాక్యాలు ముందే ఉండి ఉంటే ఆ రాత్రి సరుకు పాడయ్యేది కాదు.

చీటీ రాసేటప్పుడు దానిని వాడబోయే మనిషి చేతనే మొదటి ప్రతి రాయించండి. మీరు హద్దులు మాత్రం దిద్దండి. మీరే రాసి ఇస్తే అది మరో ఆజ్ఞ అవుతుంది, వాళ్లు మళ్లీ మీ ముఖమే చూస్తారు.

అన్ని దారులూ వెడల్పు చేయవలసినవి కావని కూడా చెప్పాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో నల్ల గెలాక్సీ రకం రాతి బ్లాకును డైమండ్ వైరుతో కోసేటప్పుడు కోత ఎక్కడ పెట్టాలన్నది రాయి చదవగల అనుభవజ్ఞుడే చెప్పాలి. కోత తప్పితే రాయి అతకదు. వెనక్కి తీసుకోలేని నిర్ణయాలను ఇరుకు దారిలోనే ఉంచండి. మర్నాడు సరిదిద్దుకోగలిగిన వాటిని వదిలేయండి. మీ ఫోను పుస్తకంలో అలా సరిదిద్దుకోగలిగినవే ఎక్కువగా ఉంటాయి.

నాలుగవ అడుగు: దూబగుంట పద్ధతిలో చిన్న కోరిక పెట్టుకోండి

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంట పేరు తెలుగువాళ్లలో వినని వాళ్లు తక్కువ. 1990 దశకం మొదట్లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రి బడుల్లో పలకలు పట్టారు. చదువుతో పాటు మాట్లాడుకునే చోటు దొరికింది. మాట్లాడుకోగా తేలింది, ఇంటింటా ఉన్న బాధ ఒకటేనని: కూలి డబ్బు సారా కొట్టులో పోతోంది. దూబగుంటలో రోసమ్మ తదితర మహిళలు కలిసి తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపేశారు. ఆ సంగతి పాఠంగా మారి మిగతా రాత్రి బడులకు చేరింది. ఊరి తరువాత ఊరు లేచింది. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలనే మహిళలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో సడలించారు, అది వేరే చర్చ.

చీరాల పక్కన దీన్ని పెట్టి చూడండి. దూబగుంట ఉద్యమంలో ఒక్కరిని అరెస్టు చేస్తే ఆగిపోయే ఏర్పాటే లేదు. ఏ ఊరి కొట్టును ఆ ఊరి ఆడవాళ్లే చూసుకున్నారు. ఎవరి ఆజ్ఞ కోసమూ ఎదురు చూడలేదు. దేశంలో మద్యపానం పోవాలని వాళ్లు మొదట అడగలేదు. మా ఊళ్లోకి సారా రాకూడదన్నారు. ఆ కోరిక ఎంత దగ్గరదంటే, నెరవేరిందో లేదో సాయంత్రానికల్లా వీధిలోకి చూస్తే తెలిసిపోతుంది.

మా ప్లాంటులో రొయ్యల తలలు తీసే విభాగంలో దాదాపు అందరూ చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లే. వాళ్లకు నాణ్యత గురించి నేను ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో లెక్కలేదు. గోడ మీద పెద్ద అక్షరాలతో లక్ష్యాలు రాయించాను. ఏమీ మారలేదు. ఒక రోజు ఉపన్యాసం మానేసి, ఏ బల్ల వాళ్లు ఆ బల్ల దగ్గర ఒక్క విషయం ఎంచుకోండని చెప్పాను. ఒక బల్ల వాళ్లు "మా ట్రేలో ఐసు లేని రొయ్య ఉండకూడదు" అన్నారు. ఇంకో బల్ల వాళ్లు "మధ్యాహ్నం కత్తెరలు మార్చాలి, మొద్దుబారిన వాటితో మాంసం పోతోంది" అన్నారు. ఆ కత్తెరల సంగతి నాకు అంతవరకూ తెలియనే తెలియదు. సంవత్సరాలుగా వాళ్లకు తెలుసు. అడిగిన వాళ్లు లేరు.

మీరు చేయవలసింది అదే. బృందాన్ని ఆరేడుగురు ఉండే గుంపులుగా విడదీయండి. ఒక్కో గుంపు తమ కళ్లతో రోజూ చూసుకోగలిగిన ఒకే ఒక్క మార్పును ఎంచుకోవాలి. మీరు ఎంచకూడదు, సూచించకూడదు, సవరించకూడదు. రెండు వారాల తరువాత ఒక గుంపు సంగతి ఇంకో గుంపుకు ఆ గుంపులోని మనిషే చెప్పాలి. మీ నోటితో చెబితే ఆజ్ఞలా వినిపిస్తుంది, తోటి మనిషి చెబితే మనమూ చేయవచ్చుననిపిస్తుంది. దూబగుంట కబురు పాకింది అలాగే.

ఐదవ అడుగు: భారతం చేతులు మారినట్టు పని చేతులు మార్చండి

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం, కాస్త నిదానంగా చెప్పనివ్వండి.

11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆది, సభా పర్వాలు పూర్తయ్యాయి, అరణ్యపర్వం మధ్యలో ఆగింది. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన ఆ పని అందుకున్నాడు. అయితే ఆగిన చోట కాకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టి చివరిదాకా పదిహేను పర్వాలు రాశాడు. మధ్యలో ఖాళీ మిగిలింది. అరణ్యపర్వం ముట్టుకుంటే కీడు జరుగుతుందని తిక్కన వదిలేశాడని జనంలో ఒక కథ ఉంది. కారణం ఏదైనా, ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. 14వ శతాబ్దంలో అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి ఎర్రన వచ్చి దాన్ని పూరించాడు.

ఎర్రన పూరించిన తీరు చూడండి. తన రాజు పేర కాకుండా నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడి పేరనే, నన్నయ రచనే అన్నట్టుగా ఆ భాగాన్ని రాశాడు. మొదట్లో నన్నయ శైలికి దగ్గరగా సాగి, పోను పోను తిక్కన శైలి వైపు ఒదిగాడని సాహిత్యవేత్తలు చెబుతారు. రెండు ఒడ్లకు మధ్య వంతెన కట్టినవాడు రెండు ఒడ్ల ఎత్తూ చూసుకున్నట్టు. ఆయనకు సొంత ప్రతిభ లేకనా? తన హరివంశాన్ని ప్రోలయ వేమారెడ్డికి అంకితమిచ్చాడు, ప్రబంధ పరమేశ్వరుడని పేరు తెచ్చుకున్నాడు. సొంత పని సొంత పేరుతో చేశాడు, మరొకరు మొదలుపెట్టిన పనిని వారి పేరుతో పూర్తి చేశాడు.

ప్రతి సంస్థలోనూ ఒక అరణ్యపర్వం ఉంటుంది. పాత మేనేజరు మధ్యలో వదిలి వెళ్లిన పని, ముట్టుకుంటే కీడని అందరూ తప్పించుకు తిరిగే ఫైలు. కొత్తగా వచ్చినవాళ్లు సాధారణంగా తిక్కన దారి పడతారు. అది తప్పు కాదు, కొత్త పర్వంతో మొదలుపెడితే వేగం ఉంటుంది. కాని ఖాళీ మిగిలిందని అందరికీ కనిపించేలా చెప్పాలి, దానికి ఒక ఎర్రనను వెతకాలి.

ఈ వారం మూడు పనులు చేయండి. మొదటిది, మీ విభాగంలో ఆగిపోయిన పనుల పట్టీ రాయండి. ఎవరు మొదలుపెట్టారో వాళ్ల పేరుతో సహా. రెండవది, వాటిలో ఒకదాన్ని పూర్తి చేయడానికి ఒకరిని ఎంచుకుని, పాత మనిషి ఇంకా అందుబాటులో ఉంటే ఇద్దరినీ ఒక పూట కలిపి కూర్చోబెట్టండి. పొదలకూరు నిమ్మ మార్కెట్టులో ఒక వర్తకుడి దగ్గర దీన్ని దగ్గరగా చూశాను. ఉత్తరాదిలో ఏ కొనుగోలుదారుకు ఏ సైజు కాయ కావాలో, ఎవరు పండుబారిన కాయ ఒప్పుకోరో ఆయన తలలోనే ఉండేది. కొడుకుకు దుకాణం అప్పగించేముందు ఆరు నెలలపాటు ప్రతి ఫోనూ కొడుకు చేతే మాట్లాడించి, తాను పక్కన కూర్చుని విన్నాడు. కాగితం మీద రాసిన దానికన్నా అది బాగా దిగింది. మూడవది, పని పూర్తయిన రోజున మొదలుపెట్టిన మనిషి పేరు ముందు చెప్పండి. ఉద్యోగం మానేసి వెళ్లినా సరే చెప్పండి. తమ పేరు నిలుస్తుందని తెలిసిన చోట మనుషులు పని దాచుకోరు, అప్పగించడానికి భయపడరు.

ఆరవ అడుగు: గౌరవిస్తూనే లెక్క చూడండి

టంగుటూరి ప్రకాశం పంతులు గారిని విమర్శించడానికి ఒంగోలు ప్రాంతంలో ఎవరికీ నోరు రాదు, నాకూ రాదు. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టి, తల్లి ఒంగోలులో పూటకూళ్లు నడిపి చదివిస్తే బారిస్టరైనవారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను బహిష్కరించిన రోజున తుపాకీకి గుండె చూపినవారు. జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నాం.

అయినా మేనేజర్లుగా రెండు సంగతులు చూడాలి. 1921లో ఆయన మద్రాసులో స్వరాజ్య పత్రిక పెట్టారు. మంచి పేరు వచ్చింది, చదివేవాళ్లు గౌరవించారు. కాని ఆదాయం ఖర్చును అందుకోలేదు. ఆయన సొంత సంపాదన ధారపోసినా చివరికి పత్రిక ఆగిపోయింది. రెండవది, 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆయన మొదటి ముఖ్యమంత్రి. 1954 నవంబరులో మద్యనిషేధం వ్యవహారం మీద వచ్చిన అవిశ్వాసంలో ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఆయన త్యాగం ముందు ఇవి చిన్న సంగతులే. అయితే మన దగ్గర ఆయనంత త్యాగం లేదు, కాబట్టి లెక్కలైనా ఉండాలి. యజమాని జేబులోంచి నెలనెలా పూడుస్తున్న లోటు ఉంటే దాన్ని పద్దులో లోటుగానే రాయండి, "సర్దుబాటు" అని రాయవద్దు. పెద్ద నిర్ణయం సమావేశానికి పెట్టేముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఎవరు ఎటు ఉన్నారో తెలుసుకోండి.

పొట్టి శ్రీరాములు గారి గురించి కూడా ఒక మాట. 1952లో 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణమిచ్చారు. నెల్లూరు జిల్లా ఆయన పేరు మోస్తోంది. దయచేసి ఆ త్యాగాన్ని జీతం తీసుకునే ఉద్యోగికి ఉదాహరణగా చూపకండి. ఒక రాష్ట్రం కోసం ఆయన తనంతట తాను ఎంచుకున్న దారి అది. నెలాఖరు లక్ష్యం కోసం రాత్రంతా నిద్ర మానుకోమని అడగడానికి ఆయన పేరు వాడటం ఆయనకూ అన్యాయమే, ఉద్యోగికీ అన్యాయమే.

ఏడవ అడుగు: కథ ఎక్కడ మొదలైందో అడగండి

ఖడ్గతిక్కన కథ మీలో చాలామంది వినే ఉంటారు. మేత పుల్లరి (పశువులు మేసినందుకు కట్టే పన్ను) విషయంలో పశువుల మందల నాయకుడు కాటమరాజుకు, నెల్లూరు రాజుకు పేచీ వచ్చి యుద్ధం జరిగిందట. రాజు తరఫున పోరాడిన ఖడ్గతిక్కన విరిగి, అంటే ఓడి వెనుదిరిగి, ఇంటికి వస్తే, భార్య స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద ఉంచిందట, తల్లి విరిగిన పాలు పోసిందట. ఆ అవమానంతో తిరిగి వెళ్లి యుద్ధంలో ప్రాణం వదిలాడని కథ. ఇది శాసనం చెప్పిన సంగతి కాదు, జనం నోట పెరిగిన గాథ. పరాక్రమ గాథగా నాకూ ఇష్టమే.

కాని అమ్మకాల సిబ్బందిలో "రోషం" పుట్టించడానికి దీన్ని చెప్పగా విన్నాను, బాధ కలిగింది. లక్ష్యం చేరని మనిషిని పదిమందిలో నిలబెట్టి అవమానిస్తే అతను తిరిగి యుద్ధానికి వెళ్లవచ్చు, మంచి మనిషిని పోగొట్టుకునేది మాత్రం మీరే. కథను మొదటినుంచి చదవండి. గొడవ యోధుడి దగ్గర మొదలు కాలేదు, పుల్లరి ఒప్పందం దగ్గర మొదలైంది. మీ సిబ్బంది ఎవరైనా విరిగి వచ్చినప్పుడు ముందు ఒప్పందం తీసి చూడండి. ధర, గడువు, సరుకు నాణ్యత అందులో స్పష్టంగా ఉన్నాయా? కరువు వస్తే, ధర పడిపోతే ఏం చేయాలో రాసి ఉందా? రొయ్యల ధర రాత్రికి రాత్రి మారే చోట ఈ ప్రశ్న ఎంత విలువైనదో ఆక్వా రైతును అడిగితే చెబుతాడు.

సమావేశాల్లో ఏ ఘట్టం చెప్పినా, ఏది శాసనాల్లో, రికార్డుల్లో ఉన్నదో, ఏది గాథో ముందే చెప్పండి. గాథను గాథగా చెబితే దాని అందం తగ్గదు. నాయకుల కులం, పార్టీ మాటలు మొదలైతే వెంటనే చర్చను ఫోను పుస్తకం వైపు మళ్లించండి. వీలైతే ఒకసారి అందరినీ ఉదయగిరి కొండ ఎక్కించండి. ఇరుకు దారి గురించి నేను గంటసేపు చెప్పింది అక్కడ పది నిమిషాల నడకలో అర్థమైంది మా వాళ్లకు.

ఎనిమిదవ అడుగు: వెళ్లిపోండి

రెండు నెలలు గడిచాక ఒక తేదీ ముందుగా ప్రకటించి మూడు రోజులు రాకండి. ఫోను ఇంట్లో వేరొకరి చేతికి ఇవ్వండి. ప్రాణాపాయం, అగ్నిప్రమాదం తప్ప దేనికీ పిలవవద్దని చెప్పండి. తిరిగి వచ్చాక ఏ నిర్ణయాన్నీ మార్చకండి, మీకు నచ్చనిది ఉన్నా సరే. నచ్చనివి రాసుకుని చీటీల హద్దులు సవరించండి. మనిషిని తప్పుపడితే రెండు నెలల పని ఒక్క పూటలో పోతుంది. మూడవ నెలలో మళ్లీ ఏడు రోజులు ఫోను పుస్తకం రాసి, మొదటి వారం పుస్తకం పక్కన పెట్టి చూడండి. మొదటి రకం ప్రశ్నలు తగ్గకపోతే చీటీల్లో లోపం ఉన్నట్టు. రెండవ రకం తగ్గకపోతే సమాచారం మీ దగ్గరే ఆగిపోతున్నట్టు.

నేను మొదటిసారి వెళ్లింది ఒంగోలులో బంధువుల ఇంటికి. మూడు రోజులూ నిద్ర సరిగా పట్టలేదు. నాలుగవ రోజు ఉదయం ప్లాంటుకు వెళ్లి నేరుగా గేటు దగ్గరి రిజిస్టరు తెరిచాను. ఆ సూపర్‌వైజరు దస్తూరీతో ఒక వరుస ఉంది: "రాత్రి 1.40. చెప్పింది 40, వచ్చింది 46 కౌంట్. రైతుతో మాట్లాడాను, సవరించిన ధరకు సంతకం చేశాడు. ఐసు వేసి దించాం."